మణికట్టులో శివారు పొలం

చిరంజీవి బుజ్జికి, నీ మెడికల్ కాలేజీ హాస్టల్ స్నేహితులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. మీ క్లాసబ్బాయి క్రికెట్ ఆడుతూ అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు, మణికట్టు వాచింది, ఎక్స్‌రేలో మాత్రం ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. అయినా డ్యూటీ డాక్టరు కట్టు వేసి రెండు వారాలాగి మళ్ళీ రమ్మన్నాడు. "ఏమీ విరగనప్పుడు కట్టెందుకు తాతయ్యా?" అన్నావు. ఆ డాక్టరు సరైన పని చేశాడమ్మా. ఎందుకో తెలియాలంటే ముందు మా పొలానికి రావాలి.

నేను పుట్టింది దివిసీమలో. కృష్ణ నీళ్ళు బెజవాడ దగ్గర బయల్దేరి పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె అన్నీ తిరిగి అందరి తర్వాత మా ఊరికి చేరేవి. మావి శివారు భూములు. పై ఊళ్ళవాళ్ళు నారుమళ్ళు తడుపుకున్నాకే మా వంతు. ఎగువన ఎక్కడ గండి పడినా ఎండేది మా నారే. అలాంటి రాత్రుల్లో నాన్న లాంతరు పట్టుకుని గట్టు వెంట పైకి నడిచేవాడు, వెనకాల నేను. వాడిపోయిన మడి దగ్గర ఆయన ఎప్పుడూ ఆగేవాడు కాదు. "ఇక్కడ చూస్తే ఏం తెలుస్తుందిరా, నీళ్ళు ఎక్కడాగాయో చూడాలి గానీ" అనేవాడు. తర్వాత ఆర్థోపెడిక్స్ చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చేది.

ఇప్పుడు మణికట్టుకొద్దాం. అక్కడున్న ఎనిమిది చిన్న ఎముకల్లో బొటనవేలి వైపున్నది స్కాఫాయిడ్. దాని ఒంటి మీద ఎక్కువ భాగం కార్టిలేజే, అంటే నున్నటి మృదులాస్థే కాబట్టి రక్తనాళాలు లోపలికి వెళ్ళడానికి చోటు చాలా తక్కువ. మణికట్టు దగ్గర మనం నాడి పట్టి చూసే రక్తనాళం రేడియల్ ఆర్టరీ. దాని కొమ్మ ఒకటి చేతి వెనక వైపు నుంచి, ఎముక నడుము దగ్గరా వేళ్ళవైపు భాగంలోనూ లోపలికి దూరుతుంది. అక్కణ్ణుంచి వేళ్ళవైపు కాదు, వెనక్కి, ముంజేతి వైపు తిరుగుతుంది. ఎముకలో 70 నుంచి 80 శాతానికి ఈ ఒక్క కాలువే దిక్కు. అంటే ముంజేతిని ఆనుకుని ఉన్న ముక్క, చూడ్డానికి గుండెకు దగ్గరగా ఉన్నదే, నీటి వరసలో శివారు పొలం! మొదటిసారి ఇది అర్థమైన రోజు నాకు ఒళ్ళు పులకరించింది.

సరిగ్గా నడుము దగ్గర విరిగిందనుకో, కాలువకు గండి పడినట్టే. ఎగువ ముక్కకు ఏమీ కాదు. శివారు ముక్కకు రక్తం అందక చచ్చిపోవచ్చు. మీ పుస్తకంలో అవాస్క్యులర్ నెక్రోసిస్ అని ఉండేది అదే. బతికినా అతకడానికి నెలలు పడుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే కొన్నేళ్ళకు మణికట్టు అరిగిపోయి, బిందె ఎత్తాలన్నా నొప్పే.

ఇక ఎక్స్‌రే సంగతి. కొత్త చీలిక సన్నగా ఉండి మొదటి రోజు ఫిల్మ్‌లో దొరక్కపోవచ్చు. పది, పద్నాలుగు రోజులకు చీలిక అంచుల్లో ఎముక కొంత కరిగి గీత వెడల్పవుతుంది, అప్పుడు కనపడుతుంది. ఎంఆర్ఐ ముందే చెప్పేస్తుంది గానీ అది అందరికీ అందేది కాదు. అందుకే బొటనవేలు చాచినప్పుడు దాని మొదట్లో పడే గుంటలో, అంటే అనాటమికల్ స్నఫ్‌బాక్స్‌లో, నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే ఏం చెప్పినా కట్టు వేస్తాం. నొప్పి బిళ్ళ రాసి పంపేయడం తేలిక. పేషెంటు కూడా సంతోషంగా వెళ్ళిపోతాడు. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి.

నీ రూమ్మేటు పుత్తూరు కట్టు గురించి అడిగింది కదా, అక్కడ అంతమందికి ఎలా అతుకుతున్నాయని. చాలా ఎముకలు కాలువ మొదట్లో ఉన్న పొలాల్లాంటివమ్మా. కాలర్ బోన్‌ను కదలకుండా ఉంచితే చాలు, అతుక్కునే పని అదే చూసుకుంటుంది. వెదురు బద్దలతో కట్టినా, మనం పిండికట్టు వేసినా చేసేది ఆసరా ఇవ్వడమే. అక్కణ్ణుంచి వచ్చిన పేషెంటును ఎప్పుడూ చిన్నచూపు చూడకండి. కానీ కట్టు ఎవరు వేసినా బిగువైతే కాలువనే నొక్కేస్తుంది. వేళ్ళు సాగదీస్తే పిల్లాడు గిలగిల్లాడుతున్నా, తిమ్మిరి అంటున్నా నాడి దొరుకుతోంది కదా అని ఊరుకోవద్దు. వెంటనే కట్టు విప్పించి సీనియర్‌ను పిలవాలి. కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం ఆడకపోవడమే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, అందులో గంటలు కూడా విలువైనవి.

స్టెరాయిడ్లకూ తుంటికీ సంబంధమేమిటన్నది మీ మూడో ప్రశ్న. తొడ ఎముక తల కూడా శివారు భూమే. దానికి వెళ్ళే నాళాలు ఎక్కువగా ఎముక మెడ వెంబడి పైకి పాకుతాయి. ముసలివాళ్ళు జారిపడి ఈ తొడ ఎముక మెడ విరిగి పక్కకు జరిగితే ఆ నాళాలు తెగుతాయి, అందుకే చాలామందికి తల తీసేసి కృత్రిమమైనది పెడతాం. స్టెరాయిడ్లతో గండి పడదు, పూడిక పడుతుంది. కొవ్వు పేరుకుని సన్నటి నాళాల మీద ఒత్తిడి పెరగడం ఒక కారణం. మా కాలువలో గుర్రపుడెక్క పెరిగితే కూడా ఇంతే, గట్టు చెక్కుచెదరదు, నీళ్ళు మాత్రం రావు. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో స్టెరాయిడ్లు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. కొన్ని నెలల తర్వాత తుంటి నొప్పితో కుంటుతూ వచ్చినవాళ్ళను మన దేశంలో డాక్టర్లు చూశారు. అలాగని మందును తిట్టకండి, అవసరమైతే ఇవ్వాల్సిందే. ఎంత మోతాదు, ఎన్నాళ్ళు అన్నది రాసుకోండి. తర్వాత గజ్జల్లో నొప్పి అంటూ వస్తే ఎక్స్‌రే బాగుందని వదలకుండా ఎంఆర్ఐ తీయించండి.

ఇంకా రాయొచ్చు గానీ, చూడాల్సింది మీరు. రేపు బోన్ సెట్‌లోంచి స్కాఫాయిడ్ తీసి కిటికీ వెలుగులో పట్టుకోండి. నున్నటి చోట్లు వదిలేసి గరుకుగా ఉన్న వెనక వైపు చూస్తే సూది మొనంత చిల్లులు కనపడతాయి. నీళ్ళు దూరే తూములవే. తర్వాత తొడ ఎముక మెడ చుట్టూ వెతికి, ఏ వైపు ఎక్కువున్నాయో నాకు రాయండి. పుస్తకం మాత్రం ముందే తెరవద్దు.

మీ తాతయ్య