ఎవరెస్ట్ బస్సులో సీట్ల లెక్క

గుంటూరు నుంచి ఇంటర్ చదివే ఒక అబ్బాయి అడిగాడు: "సార్, ఎవరెస్ట్ మీద గాలిలో ఆక్సిజన్ ఎంత శాతం ఉంటుంది? ఆరా, ఏడా?"

ఇరవై ఒకటే బాబూ. మీ బ్రాడీపేటలో ఎంతో అక్కడా అంతే. తగ్గేది శాతం కాదు, గాలి ఒత్తిడి. ఇందులో ఆ అబ్బాయిని అనడానికేం లేదు. మన దగ్గర కాలేజీల్లో డాల్టన్ పాక్షిక పీడనాల (కలగలిసిన వాయువుల్లో ఒక్కోదానికీ మొత్తం ఒత్తిడిలో దాని వాటా దానిదే అనే నియమం) మీద బిట్ ఇస్తే నిమిషంలో కొట్టేస్తారు, అదే నియమం తమ ఊపిరితిత్తుల్లో రాత్రీ పగలూ పనిచేస్తోందని మాత్రం ఎవరూ చెప్పరు.

కొండలెక్కడంలో ప్రమాదాలంటే మంచు చరియలు, పగుళ్లు, కాలు జారడం. అవన్నీ నిజమే, వాటి గురించి అందరూ రాస్తారు కాబట్టి వదిలేస్తున్నాను. నన్ను పట్టుకుని వదలనిది ఊపిరి లెక్క.

ఒత్తిడిని పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. సముద్రమట్టం దగ్గర 760. ఒక్కో మిల్లీమీటరు ఒక్కో సీటు అనుకోండి, విజయవాడ బస్టాండ్లో ఊపిరితిత్తి బస్సుకి 760 సీట్లు. అందులో 47 నీటి ఆవిరికి రిజర్వేషన్, ఒంటి వేడి 37 డిగ్రీలు ఉన్నంతకాలం ఏ ఊళ్లోనైనా ఇది మారదు. మిగిలిన 713లో ఐదో వంతుకి కాస్త ఎక్కువ, అంటే 149, ఆక్సిజన్‌వి. (తక్కినవి దాదాపు అన్నీ నైట్రోజన్‌వి, ఆయన ఎక్కి కూర్చుంటాడంతే, రక్తంతో ఆయనకి పెద్దగా పనిలేదు.) ఇప్పుడు బస్సు కదిలింది. ఆక్సిజన్ రక్తంలోకి దిగుతుంది, రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కుతుంది. మామూలుగా ఐదుగురు దిగితే నలుగురు ఎక్కుతారు. కార్బన్ డయాక్సైడ్ 40 సీట్లలో కూర్చుందంటే 50 ఆక్సిజన్లు దిగిపోయినట్టే. 149లో 50 పోతే 99. మనం బతుకుతున్నది ఆ తొంభై తొమ్మిదితో.

అదే లెక్క 8848 మీటర్ల ఎత్తున వేయండి. 1981లో అమెరికన్ వైద్య పరిశోధక బృందంలోని క్రిస్ పిజ్జో అనే డాక్టరు శిఖరం మీద బారోమీటర్ పెట్టి చూస్తే 253 వచ్చింది. నీటి ఆవిరి తన 47 వదులుకోదు. మిగిలింది 206, అందులో ఆక్సిజన్ వాటా 43. యాభై దిగాలి. 43లో 50 పోతే మైనస్ 7!

అంటే మనం ఇక్కడ పీల్చినట్టు అక్కడ పీలిస్తే లెక్కే కుదరదు. మరి 1978 మే 8న మెస్నర్, హాబెలర్ అనే పర్వతారోహకులు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎలా ఎక్కారు? ఆక్సిజన్ సీట్లు పెంచడం ఎవరి చేతుల్లోనూ లేదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌ని ఎక్కింది ఎక్కినట్టే బయటికి తోసేయాలి. పిజ్జో శిఖరం మీద తన ఊపిరినే సీసాల్లో పట్టి తెచ్చాడు, అందులో కార్బన్ డయాక్సైడ్ ఏడున్నర. నలభై కాదు, ఏడున్నర! దానికి తొమ్మిది ఆక్సిజన్లు దిగితే చాలు, 43లో ఇంకా 34 మిగులుతాయి. బతకొచ్చు, అదీ అంతంత మాత్రంగా. ఇందుకోసం ఇక్కడికంటే ఐదు రెట్లు గాలి ఆడించాలి, నాలుగు అడుగులు వేసి ఆగి రొప్పేది అందుకే.

ఇంతకీ ఆ ఐదు రెట్లు మొదటి రోజే రావు. కార్బన్ డయాక్సైడ్ పోతే రక్తం క్షారంగా మారుతుంది, మెదడు వెంటనే శ్వాసకి బ్రేకు వేస్తుంది. మూత్రపిండాలు బైకార్బనేట్‌ని బయటికి పంపి ఆ క్షారాన్ని తగ్గించడానికి రోజులు పడుతుంది, ఎసిటజోలమైడ్ మాత్ర చేసేది ఆ పనిని తొందర చేయడమే. బేస్ క్యాంపులో వారాల తరబడి కూర్చోవడం సోమరితనం కాదు. మనలో ఒకరిని ఇప్పటికిప్పుడు తీసుకెళ్లి శిఖరం మీద దించితే కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. భూమధ్యరేఖ వైపు గాలి పొర ఎత్తుగా ఉంటుంది, ధ్రువాల వైపు పోయేకొద్దీ పల్చబడుతుంది. ఎవరెస్ట్ 28 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ మాత్రం ఒత్తిడైనా దక్కుతోంది. అలాస్కాలో ఉండి ఉంటే సిలిండర్ లేకుండా ఎక్కడం దాదాపు అసాధ్యం. మన కృష్ణ ఒడ్డునే ఉండి ఉంటే చలికాలంలో కూడా కాస్త సులువయ్యేది, ఇంద్రకీలాద్రి పక్కన ఇంకో గుడి కూడా లేచేది.

అన్నట్టు, అమర్‌నాథ్, కైలాసం వెళ్లేవాళ్లు కర్పూరం పొట్లం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందంటారు. 2021 కోవిడ్ రోజుల్లో వాము కలిపి మరీ వాట్సాప్‌లో తిప్పారు. కర్పూరం ముక్కులోని నరాలకి చల్లగా తగులుతుంది, ఊపిరి బాగా ఆడినట్టనిపిస్తుంది, రక్తంలో ఒక్క సీటు కూడా పెరగదు. అప్పట్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఏ సొరుగులోనో ఉంటుంది కదా, వేలికి తగిలించుకుని కర్పూరం పీల్చి చూడండి. అసలు చిక్కు ఆ హాయి దగ్గరే ఉంది. పొట్లం చేతిలో ఉందన్న ధైర్యంతో, తలనొప్పి మొదలైనా కిందికి దిగరు.

మరి ఇంత కష్టమైతే ఎందుకెక్కుతారు? నెల్లూరు జిల్లా నుంచి వెళ్లిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు, 2015లో ఆండీస్ పర్వతాల్లో చనిపోయాడు. ఆయన్ని అంత దూరం లాక్కెళ్లిందేమిటో చెప్పడానికి నేనెవర్ని? కానీ లాగే వాటిలో ఒకటి ఆ పల్చటి గాలే అని నా అనుమానం. 1875లో పారిస్ నుంచి జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు పైకి వెళ్లారు, ఎనిమిది వేల మీటర్లు దాటారు. ఆక్సిజన్ సంచులు పక్కనే వేలాడుతున్నాయి. ఇద్దరు చనిపోయారు. బతికొచ్చిన టిసాండియే రాసింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది: బాధేమీ లేదట, లోపల్నుంచి ఏదో ఆనందం పొంగిందట, ప్రమాదం అన్న ఆలోచనే రాలేదట, గొట్టం అందుకుందామంటే చెయ్యి లేవలేదట.

ఊపిరాడకపోతే ఉక్కిరిబిక్కిరి అవుతామనుకుంటాం. ఆ ఉక్కిరిబిక్కిరి ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే వచ్చేది. శిఖరం మీద దాన్నేమో తోసేశాం, ఇక అలారం గట్టిగా మోగదు. ప్రమాదాన్ని కొలవాల్సిన మెదడే ముందుగా మత్తులో పడుతుంది. ఎవరెస్ట్ మీద వెనక్కి తిరగడానికి మధ్యాహ్నం రెండు గంటలు అంటూ చాలా బృందాలు ఒక గడువు పెట్టుకునేది అందుకే, శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే తిరిగిపోవాలి. ఆ టైమ్ ముందే కింద క్యాంపులో పెట్టుకుని వెళ్తారు, పైకెళ్లాక పెట్టుకోరు.