గోడ కన్నాలు మూయకండి: కొండవాలు ఇళ్ళ గురించి అపోహలు - వాస్తవాలు

జూన్ వస్తే నా ఫోన్‌కి ఒకటే రకం ఫొటోలు వస్తాయి. ఇంటి వెనక ఎర్రమట్టి వాలు, దాని మీద పలచగా గడ్డి, కింద రంగు వేసిన రాతి గోడ. "సర్, గోడకి కొంచెం పొట్ట వచ్చింది, ఇంకో తొమ్మిది అంగుళాలు మందం పెంచితే సరిపోతుందా?" నేను విశాఖలో కొండవాలు పనులు చేస్తాను. ఎండాడ, ఆరిలోవ, హనుమంతవాక వైపే ఎక్కువ. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం నాడు సింహాచలంలో వానకి గోడ కూలి ఏడుగురు భక్తులు పోయాక ఈ ఫోన్లు బాగా పెరిగాయి. భయపడటంలో తప్పేం లేదు. ఆ భయంలో పక్కింటివాళ్ళు, వాట్సాప్ గ్రూపులు చెప్పినవన్నీ చేసేస్తారే, దాంతోనే నా గొడవ.

అపోహ: గోడ మందంగా కట్టి, వాలు మీద సిమెంటు పూస్తే మట్టి కదలదు.

ఈ ఒక్క మాట వల్ల పోయినంత డబ్బు మిగతావన్నీ కలిపినా పోలేదు.

లెక్క చూడండి. 3 మీటర్ల గోడ వెనక ఉన్నది పొడి మట్టి అయితే, మీటరు పొడవు గోడ మీద అది వేసే తోపుడు సుమారు మూడు టన్నుల లోపే. అదే గోడ వెనక నీళ్ళు నిండా నిలిస్తే నీటి తోపుడు ఒక్కటే నాలుగున్నర టన్నులు. మట్టి తోపుడు కొంత తగ్గినా, రెండూ కలిపితే మొదటిదానికి దాదాపు రెట్టింపు. మందం ఎంత పెంచుతారు? పైగా మన కొండలది ఖొండలైట్ అనే రాయి. అది శిథిలమై మారిన మెత్తరాయి ఎండలో గునపానికి లొంగదు గానీ, రెండు రోజులు వాన పట్టిందంటే వేలు దిగుతుంది. తడిసిన మట్టి బరువు పెరిగి, పట్టు తగ్గిపోతుంది. వాలు మీద సిమెంటు పూతకి నాలుగు పగుళ్ళు వస్తే నీళ్ళు లోపలికి దిగుతాయి, ఆవిరై బయటికి పోయే దారి మాత్రం ఉండదు.

రెండేళ్ళ కిందట ఒక రిటైర్డ్ టీచర్‌గారు పిలిచారు. ఒంటరిగా ఉంటారు, కొడుకు అమెరికాలో. గోడకి నడుం ఎత్తులో అడ్డంగా పగులు. వీప్ హోల్స్, అంటే గోడ వెనక నీళ్ళు బయటికి పోయే కన్నాలు, ఎక్కడని వెతికితే ఒక్కటీ కనబడదు. "ఉండేవి బాబూ. వానాకాలం వాటిలోంచి ఎర్రనీళ్ళు కారి టైల్సన్నీ పాడవుతున్నాయని మేస్త్రీతో సిమెంటు పెట్టించేశా" అన్నారు. మేస్త్రీ నున్నగా పెట్టి, పైన రంగు కూడా కొట్టాడు!

ఆవిడ ఫిర్యాదు నిజానికి సరైనదే. ఎర్రనీళ్ళు వస్తున్నాయంటే లోపల మట్టి కూడా కొట్టుకొస్తోందన్నమాట, అంటే గోడ వెనక కంకర పొర, నీటిని వదిలి మట్టిని ఆపే ఫిల్టర్ గుడ్డ లేవు. వేయాల్సింది అవి. మూసింది కన్నాల్ని.

ఆవిణ్ణి ముందు గదిలోకి మార్చి, కోర్ కటింగ్ మెషిన్‌తో కింది వరస నుంచి కొత్త కన్నాలు మొదలుపెట్టాం. మూడో కన్నంలోంచి నీళ్ళు మూరెడు దూరం దూకి నా కుర్రాడి చొక్కా ఎర్రగా తడిపేశాయి. వాన ఆగి అప్పటికి నాలుగు రోజులు. గుడ్డ చుట్టిన చిల్లుల పైపులు లోపలికి దించి, మొత్తం పద్నాలుగు కన్నాలు చేశాం.

తర్వాత నీళ్ళు ఎక్కడివని పైకెక్కి చూస్తే పైఇంటి డాబా పైపు తిన్నగా వాలు మీదికే వదిలి ఉంది. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు. తుఫాను రోజున ఒక పెద్ద ట్యాంకరు తెచ్చి మీ వాలు మీద కుమ్మరించినట్టే. వాలు నెత్తిన సిమెంటు కాలవ కట్టి ఆ నీటిని పక్క గెడ్డ(వాగు)లోకి మళ్ళించాం. ఏ వాలుకైనా మొదటి ఖర్చు ఇక్కడే పెట్టండి.

అపోహ: గడ్డి అందానికే, బలానికి పనికిరాదు.

ఏ గడ్డి అన్నదాన్ని బట్టి ఉంటుంది. నర్సరీ లాన్ గడ్డి వేళ్ళు జానెడు లోతుకి మించి పెద్దగా వెళ్ళవు. నిటారు వాలు మీద పరిస్తే పెద్ద వానకి చాపలా చుట్టుకుని కిందికొస్తుంది. వట్టివేరు సంగతి వేరు. వేసవిలో తలుపులకి తడికలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళమే, అదే. వేళ్ళు పక్కలకి పాకకుండా నిలువునా 3 మీటర్ల దాకా దిగుతాయి. వేరు తెగకుండా ఓర్చుకునే బలం సగటున మామూలు స్టీలులో ఆరో వంతు.

నాటడంలోనే అంతా ఉంది. మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో వాలుకి అడ్డంగా సమమట్టం గీత గీసుకోవాలి. ఆ గీత మీద పిలకలు బెత్తెడు దూరంలో, ఒక్క సందు లేకుండా నాటాలి. సందు ఉంటే నీళ్ళన్నీ అక్కడికే చేరి గాడి చేస్తాయి. వరసకీ వరసకీ మీటరు ఎత్తు తేడా. నాటేముందు కొబ్బరి పీచు వల పరిచి, పై అంచుని అడుగు లోతు కందకంలో పాతి మేకులు దిగ్గొట్టాలి. గడ్డి నిలదొక్కుకునేదాకా మట్టిని పట్టేది ఆ వలే, తర్వాత అదే కుళ్ళి ఎరువవుతుంది. జూన్‌లో నాటితే అక్టోబరు తుఫాన్లకి వేరు అందుకుంటుంది. సెప్టెంబరులో నాటించమని అడిగితే నేను ఒప్పుకోను.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. జీడిమామిడి చెట్ల కింద రెండు వరసలు నాటాను, ఏడాది తిరక్కుండానే పోయాయి. దీనికి నీడ పడదు. ఖర్చు నాదే.

ఇంకో మాట. వాలు నెత్తిన నేల చీలినా, పైనున్న చెట్లు ఒక పక్కకి ఒరుగుతున్నా, కదులుతున్నది పైపొర ఒక్కటే అనుకోవద్దు. అది గడ్డితో అయ్యే పని కాదు, మట్టి పరీక్ష చేయించాలి. చోటుంటే జియోగ్రిడ్ (మట్టిని పట్టి ఉంచే గట్టి ప్లాస్టిక్ వల) పొరల మధ్య మట్టి దిమ్మిస చేసుకుంటూ లేపితే 70 డిగ్రీల వాలు కూడా నిలుస్తుంది. ముఖం మీద గడ్డి పెంచితే బయటికి పచ్చటి కొండే కనబడుతుంది.

మిగతావి త్వరగా. వట్టివేరు వేళ్ళు గోడ పగలగొడతాయా? పగలగొట్టవు, నిలువునా పోతాయి. పాములొస్తాయా? ఏ గుబురులోనైనా రావచ్చు, మోకాలెత్తున కత్తిరించుకోండి. వేళ్ళు తవ్వి అమ్ముకోవచ్చా? తవ్వితే వాలు మిగలదు. కారు పెట్టుకోవడానికి వాలు పాదం నాలుగడుగులు తొలిస్తే ఏమవుతుంది? ఈ పని జెసిబివాడు గంటలో చేసేస్తాడు. పైదంతా ఆ పాదం మీదే ఆని ఉంది, దయచేసి ముట్టుకోకండి.

టీచర్‌గారు ఇప్పుడు వాన పడినప్పుడల్లా గొడుగేసుకుని కన్నాలు లెక్కపెట్టి ఫోన్ చేస్తారు. "పద్నాలుగూ కారుతున్నాయి బాబూ, తేట నీళ్ళే" అని. నిన్న పదమూడే అన్నారు. రేపు ఊచ పట్టుకుని వెళ్ళాలి.