పోటీ వద్దనుకుని పెట్టుకున్న పరీక్ష

అమెరికాలో రిట్రీవర్ కుక్కలు, అంటే కాల్చిన పక్షిని వెతికి తెచ్చే వేటకుక్కలు, పెంచేవాళ్ల మధ్య కొన్నేళ్లుగా ఒక గొడవ నలుగుతోంది. ఏదో ఒక ఊరి క్లబ్బు శని, ఆదివారాల్లో మాస్టర్ స్థాయి హంట్ టెస్ట్ పెడుతుంది. హంట్ టెస్ట్ అంటే వేట పనిలో కుక్కకి పెట్టే పరీక్ష; కుక్కల మధ్య పోటీ ఉండదు, ప్రమాణం అందుకుంటే పాస్. మాస్టర్ అందులో అన్నిటికన్నా పై మెట్టు. ఆన్‌లైన్‌లో ఎంట్రీలు తెరిచిన నిమిషాల్లోనే చోటంతా నిండిపోయిన సందర్భాలున్నాయి. జాబితా చూస్తే చాలా పేర్లు ఇద్దరు ముగ్గురు ప్రొఫెషనల్ ట్రైనర్ల ట్రక్కుల్లో వచ్చే కుక్కలవే. ఉన్న ఒక్క కుక్కనే ఆఫీసు అయ్యాక చెరువు గట్టుకి తీసుకెళ్లి నేర్పించుకునే మామూలు మనిషికి చోటు దొరకదు. టెస్ట్ రోజున తెల్లవారుజామునే వచ్చి కుక్కలు తెచ్చే చచ్చిన బాతులను విసరడానికి, కుర్చీలు మోయడానికి మాత్రం క్లబ్బుకి అతనే కావాలి. ‘ఇది పోటీ కాదన్నారు కదా, మరి సీటు కోసం ఈ తోపులాట ఏంటి’ అని అతను అడుగుతున్నాడు.

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కావాలంటే దాదాపు వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

మన ఇళ్లలో పెరుగన్నం తిని సోఫా కింద పడుకునే లాబ్రడార్ అసలు ఉద్యోగం, కాల్చి పడేసిన పక్షిని వెతికి, పంటిగాటు పడకుండా యజమాని చేతికి తెచ్చివ్వడం. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో జాలర్ల వెంట తిరిగిన నీటి కుక్కలను 19వ శతాబ్దంలో ఇంగ్లండు, స్కాట్లండు జమీందారులు తెప్పించుకుని ఈ పనికి మలిచారు. స్కాట్లండులో గిసాకన్ ఎస్టేట్ యజమాని, తర్వాత లార్డ్ ట్వీడ్‌మౌత్ అయిన డడ్లీ మార్జోరీబాంక్స్ దగ్గర 1868లో పుట్టిన పిల్లల నుంచి గోల్డెన్ రిట్రీవర్ వచ్చింది. జాతి కుక్కలను నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1903లో లాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. అప్పటికే అక్కడ ఫీల్డ్ ట్రయల్స్, అంటే వేట పనిలో కుక్కల పోటీలు, మొదలయ్యాయి.

బ్రిటిష్ ట్రయల్ గురించి ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అది నిజంగా జరుగుతున్న వేటలోనే పెట్టే పరీక్ష. ఎస్టేట్‌లో పక్షులను లేపుతారు, కాలుస్తారు, అవి ఎక్కడ పడితే అక్కడికి కుక్కను పంపుతారు. ఏ కుక్కకి ఎలాంటి పక్షి వస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అదృష్టం పాలు ఎక్కువే, కానీ వేటకీ పరీక్షకీ మధ్య దూరం పెరగదు.

ఈ సరదా అమెరికాకి డబ్బున్నవాళ్ల ద్వారా వచ్చింది. 1927 నాటికి అమెరికన్ కెన్నెల్ క్లబ్, అంటే ఏకేసీ, రికార్డుల్లో లాబ్రడార్లు రెండు డజన్లు కూడా లేవు. 1931లో లాబ్రడార్ రిట్రీవర్ క్లబ్ పుట్టింది. ఆ డిసెంబరులోనే న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ దగ్గర ఒక ఎస్టేట్‌లో మొదటి ట్రయల్ జరిగింది. ముందువరసలో ఉన్నవాళ్లు మార్షల్ ఫీల్డ్, హారిమన్ లాంటి కుటుంబాల వాళ్లు. తర్వాతి కాలంలో మాస్కోలో అమెరికా రాయబారిగా, న్యూయార్క్ గవర్నరుగా పనిచేసిన ఆవరెల్ హారిమన్‌కి ఆర్డెన్ పేరుతో సొంత కెన్నెల్ ఉండేది. అక్కడి ‘బ్లైండ్ ఆఫ్ ఆర్డెన్’ అనే నల్ల లాబ్రడార్ 1938 డిసెంబరులో లైఫ్ పత్రిక ముఖచిత్రానికి ఎక్కింది. కుక్కలను స్కాట్లండు నుంచి తెప్పించారు, వాటిని చూసుకునే మనుషులనూ అక్కడి నుంచే తెప్పించారు. యజమాని కోటు వేసుకుని చూస్తూ నిలబడితే జీతగాడు కుక్కను నడిపేవాడు. ప్రొఫెషనల్ హ్యాండ్లర్ అంటే నిన్న మొన్న ఊడిపడ్డ మనిషి కాదన్నమాట, మొదటి రోజు నుంచీ ఉన్నాడు.

అలా వచ్చిన స్కాటిష్ ట్రైనర్లలో డేవ్ ఎలియట్ పేరు తరచుగా వినిపిస్తుంది. గొర్రెల కాపరి కుక్కను దూరం నుంచి ఈలతో, చేతి సైగలతో తిప్పే పద్ధతిని అమెరికా రిట్రీవర్లకి నేర్పింది అతనే అంటారు. బ్రిటన్‌లో అంతకు ముందే కెప్టెన్ బటర్ అనే ఆయన ఇదే పద్ధతిలో తన ‘పీటర్ ఆఫ్ ఫాస్కలీ’ని నడిపి 1911 ఛాంపియన్‌షిప్ గెలిచాడు. దీంతో ఆట తీరే మారిపోయింది. అంతవరకూ కుక్క తను చూసిన పక్షినే తెచ్చేది. ఇప్పుడు తను చూడని పక్షి కోసం కూడా, కేవలం మనిషి మాట మీద నమ్మకంతో, నీళ్లలోకి దూకి తిన్నగా వెళ్లడం నేర్చుకుంది. దీన్నే బ్లైండ్ అంటారు.

1930ల్లో అమెరికాలో బాతుల సంఖ్య పడిపోయింది. కరువుతో చిత్తడి నేలలు ఎండిపోయాయి. 1934 నుంచి బాతుల వేటకి వెళ్లేవాళ్లు ఏటా కేంద్ర ప్రభుత్వపు స్టాంపు కొనాలన్న చట్టం వచ్చింది. మొదట్లో ధర ఒక డాలరు. ఆ సొమ్ము చిత్తడి నేలల రక్షణకి వెళ్తుంది. రిట్రీవర్ క్లబ్బులకి ఇక్కడే మంచి వాదన దొరికింది: గాయపడిన బాతు తుప్పల్లో దూరి చచ్చిపోతే అది ఎవరి లెక్కలోకీ రాదు, వేటగాడు ఇంకో బాతును కాలుస్తాడు, కుక్క ఉంటే ఆ వృథా తగ్గుతుంది. 1959 స్టాంపు మీద ఈ మాటే వేశారు. బాతు ప్రధానంగా ఉండాల్సిన చోట, నోట్లో మల్లార్డ్ బాతును పట్టుకున్న ఒక నల్ల లాబ్రడార్ తల ఉంటుంది. ఆ కుక్క పేరు కింగ్ బక్. చిన్నప్పుడు డిస్టెంపర్ అనే కుక్కల జబ్బు వచ్చి చావు అంచుదాకా వెళ్లింది. మొదట 50 డాలర్లకి అమ్ముడైన ఆ పిల్లను చివరికి ఇల్లినాయ్‌లో తుపాకుల, తూటాల వ్యాపారి జాన్ ఓలిన్ 6,500 డాలర్లకి కొన్నాడు. 1952, 1953ల్లో వరుసగా రెండుసార్లు నేషనల్ ఛాంపియన్. దాన్ని నడిపింది కాటన్ పర్షల్ అనే జీతపు ట్రైనర్.

ఇక అసలు సమస్య ఎక్కడ మొదలైందో చూద్దాం. అమెరికన్ ఫీల్డ్ ట్రయల్ బ్రిటన్‌లోలా నిజమైన వేట కాదు. అన్ని కుక్కలకీ ఒకే పరీక్ష ఉండాలని పక్షులు ఎక్కడ పడాలో జడ్జీలు ముందే నిర్ణయిస్తారు. న్యాయంగానే ఉంది. కానీ గెలిచేది ఒక్కటే. ఛాంపియన్ బిరుదుకి 10 పాయింట్లు కావాలి, వాటిలో కనీసం ఒక మొదటి స్థానం ఉండాలి. బరిలో ఉన్న కుక్కలన్నీ బాగా చేస్తుంటే జడ్జి వాటిని ఎలా విడదీయాలి? దూరం పెంచాలి. పక్షికీ కుక్కకీ మధ్య ఇంకో కాలవ, ఇంకో గట్టు, అడ్డంగా వీచే గాలి పెట్టాలి. ట్రైనర్లు దానికీ నేర్పిస్తారు. జడ్జి ఇంకాస్త పెంచుతాడు. వేటలో బాతు సాధారణంగా తుపాకీ దెబ్బ అందేంత దూరంలోనే పడుతుంది. ట్రయల్‌లో అది 300 గజాలకీ, 400 గజాలకీ పోయింది. అంత దూరం కనబడాలని పక్షులు విసిరేవాళ్లు తెల్లకోట్లు వేసుకుంటారు, కుక్క చూడాలని హ్యాండ్లరు కూడా తెల్లచొక్కానే వేసుకుంటాడు. ఆ బట్టలతో కూర్చుంటే ఏ బాతూ దగ్గరికి రాదని వేటగాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

ఈ దూరాలకి తోడొచ్చింది కరెంటు కాలర్, దూరం నుంచి మీట నొక్కితే కుక్క మెడకి షాక్ ఇచ్చే పట్టీ. 1968లో అరిజోనాలో మొదలైన ట్రై-ట్రానిక్స్ కంపెనీ కాలర్లు, కాలిఫోర్నియా ట్రైనర్ రెక్స్ కార్ వాటి చుట్టూ అల్లిన శిక్షణ క్రమం, రెండూ కలిసి ఆటను ఇంకో మెట్టు ఎక్కించాయి. 300 గజాల అవతల ఉన్న కుక్క తప్పు చేస్తే పరిగెత్తి వెళ్లి సరిదిద్దే మనిషి లేడు, మీట నొక్కితే సరి. తొలినాళ్ల కాలర్లలో షాక్ ఎక్కువ తక్కువలు అక్కడికక్కడ మార్చే వీలుండేది కాదు, అనుభవం లేనివాళ్ల చేతుల్లో కుక్కలు చెడిపోయేవి. ఈ రకం శిక్షణకి టైము కావాలి, విశాలమైన భూములు, చెరువులు కావాలి, బాతులు విసరడానికి మనుషులు కావాలి. ఇంటి దగ్గర ఒక కుక్కను పెట్టుకున్నవాడికి ఇవేవీ ఉండవు. 1970లు అయ్యేసరికి ఫీల్డ్ ట్రయల్ అతనికి టీవీలో చూసే క్రికెట్ లాంటిదైపోయింది.

1980ల మొదట్లో ఈ అసంతృప్తి బయటపడింది. మూడేళ్లలో మూడు వ్యవస్థలు పుట్టాయి. 1983లో నార్త్ అమెరికన్ హంటింగ్ రిట్రీవర్ అసోసియేషన్, 1984లో యునైటెడ్ కెన్నెల్ క్లబ్ నీడలో హంటింగ్ రిట్రీవర్ క్లబ్, 1985లో ఏకేసీ సొంత హంట్ టెస్టులు. ఆశయం ఒకటే అయినప్పుడు మూడెందుకు అంటే, రూల్సు ఎవరు రాయాలి, కుక్క ఎవరి రిజిస్టర్లో ఉండాలి అన్న చోట తేడాలొచ్చాయి. సంఘాలు చీలడం మనకి తెలియని విద్యేం కాదు.

ముగ్గురూ ఒప్పుకున్న మూల సూత్రం మాత్రం ఒకటుంది. కుక్కను ఇంకో కుక్కతో పోల్చకూడదు. ఒక ప్రమాణం పెట్టి, అది అందుకుందా లేదా అని చూడాలి. ఏకేసీ టెస్టులో ఇద్దరు జడ్జీలు ఒక్కో గుణానికి సున్నా నుంచి పది వరకూ మార్కులు వేస్తారు: పక్షి పడిన చోటు గుర్తుపెట్టుకోవడం, హుషారు, పట్టుదల, చెప్పిన మాట వినడం. సగటు 7 రావాలి, ఏ గుణంలోనూ 5కి తగ్గకూడదు. వచ్చిన కుక్కలన్నీ పాసవ్వొచ్చు, ఒక్కటీ పాసవ్వకపోవచ్చు. జూనియర్, సీనియర్, మాస్టర్ అని మూడు మెట్లు, ఒక్కోదానికి ఒక టైటిల్. జూనియర్ టైటిల్‌కి నాలుగు పాసులు చాలు. మాస్టర్‌కి ఆరు, సీనియర్ టైటిల్ ముందే ఉంటే ఐదు.

మాస్టర్ టెస్ట్ ఎలా ఉంటుందంటే, కుక్క మెడలో పట్టీ కూడా లేకుండా హ్యాండ్లర్ పక్కన నీటి ఒడ్డున కూర్చుంటుంది. జడ్జి సైగ చేయగానే అవతలి పొదల వెనక ఎవరో బాతు కూత ఊదుతారు. రబ్బరు పట్టీలున్న వింగర్ అనే యంత్రం నుంచి చచ్చిన బాతు గాల్లోకి లేస్తుంది, ఖాళీ తూటా పేలుతుంది, నీళ్లు చిమ్ముతాయి. ఇంకో దిక్కున రెండోది, మరో దిక్కున మూడోది. కుక్క ఒళ్లంతా వణుకుతున్నా కూర్చున్న చోటు నుంచి కదలకూడదు. జడ్జి దాని నంబరు పిలిచాక హ్యాండ్లర్ పేరు ఒక్కసారి అంటాడు, అంతే, దూకేస్తుంది. ఒక్కొక్క బాతునూ తెచ్చి చేతిలో పెట్టాలి. మిగతా రెండూ ఎక్కడ పడ్డాయో ఈలోగా మర్చిపోకూడదు. ఆ తర్వాత బ్లైండ్. కుక్క ఈదుతూ గాలివాటుకి పక్కకి జరిగితే ఒక్క ఈల. వెంటనే వెనక్కి తిరిగి, నీళ్లలో కాళ్లాడిస్తూ మనిషి చేతికేసి చూస్తుంది. అతను చెయ్యి పైకెత్తి ‘బ్యాక్’ అంటే మళ్లీ లోపలికి. తన వంతు అయ్యాక ఇంకో పరీక్ష మిగిలే ఉంటుంది: పక్కన కూర్చుని, వేరే కుక్క బాతు కోసం పరిగెడుతుంటే నోరెత్తకుండా చూడాలి. చాలా కుక్కలు ఫెయిలయ్యేది ఇక్కడే అంటే నమ్మబుద్ధేస్తుంది.

హంటింగ్ రిట్రీవర్ క్లబ్ వాళ్లు వేటకి ఇంకా దగ్గరగా ఉండాలని హ్యాండ్లర్లకి వేట రంగు బట్టలు, పై స్థాయిల్లో చేతికి తుపాకీ కూడా తప్పనిసరి చేశారు. ఆ తుపాకీలో ఉండేది శబ్దం చేసే తూటానే.

మరి ఇంత చక్కగా పోటీని బయటికి పంపిస్తే అది మళ్లీ ఎలా దూరింది? నా అంచనాలో, టైటిల్ ద్వారా. తల్లీతండ్రీ పేర్ల వెనక మాస్టర్ హంటర్ అని ఉంటే కుక్కపిల్ల ధర పెరుగుతుంది. మగకుక్కను జత కట్టించడానికి తీసుకునే ఫీజూ పెరుగుతుంది. టైటిల్‌కి విలువ వచ్చాక దాన్ని సంపాదించి పెట్టే ట్రైనర్‌కి గిరాకీ వచ్చింది. నెల ఫీజు కట్టి కుక్కను అప్పజెబితే, ఆయన చలికాలమంతా వెచ్చని దక్షిణాదిలో తర్ఫీదిచ్చి, వసంతంలో డజనుకి పైగా కుక్కలను ఒకే ట్రక్కులో టెస్టులకి తీసుకొస్తాడు. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు, అది ఆయన బతుకు. కుక్కలు కూడా నిజంగా బాగా చేస్తాయి.

1991లో మాస్టర్ నేషనల్ అనే జాతీయ స్థాయి టెస్ట్ మొదలయ్యాక ఈ వేగం ఇంకా పెరిగింది. అందులో ర్యాంకులుండవు, అర్హత తెచ్చుకున్నవన్నీ పాసవ్వొచ్చు. కానీ ఆ అర్హతకి ఏడాదిలో ఇన్ని పాసులని లెక్క. కాబట్టి టైటిల్ వచ్చేసిన కుక్కలు కూడా ప్రతి ఏడూ మళ్లీ మళ్లీ ఎంట్రీలు వేస్తాయి. ఒక రోజులో ఇద్దరు జడ్జీలు చూడగలిగే కుక్కలకి హద్దుంది. చెరువులున్న భూములు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. చోటు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ. మైదానంలో లేని పోటీ ఎంట్రీ ఫారం దగ్గరికి వచ్చి కూర్చుంది. పాసయ్యేవి మరీ ఎక్కువైతే టెస్ట్ సులువైపోయిందన్న మాట పడుతుంది కాబట్టి, కొందరు జడ్జీలు దూరాలు, చిక్కులు పెంచుతున్నారన్న ఫిర్యాదూ ఉంది. 1970ల్లో ట్రయల్ మీద చెప్పుకున్న ఫిర్యాదే ఇది.

కరెంటు కాలర్ సంగతి కూడా తేలలేదు. టెస్ట్ జరుగుతున్నప్పుడు వాడకూడదు, శిక్షణలో మాత్రం అమెరికాలో మామూలే. ఇప్పటి పరికరాల్లో షాక్ స్థాయిని సన్నగా మార్చుకోవచ్చని వాడేవాళ్లు అంటారు. వేల్స్ 2010లోనే వీటిని నిషేధించింది. కాలర్ లేకుండా మాస్టర్ దాకా వెళ్లడం అసాధ్యం కాదు, కానీ ఇప్పటి దూరాలకి చాలా ఓపిక కావాలి.

మన దేశంలో ఈ ఆటకి చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి చేసిన సవరణలతో వేట ఆగిపోయింది. కొల్లేరులో బాతు మీద తుపాకీ ఎత్తితే కేసే. ఇక్కడ లాబ్రడార్ ముక్కుకి పని పోలీసుల దగ్గర దొరికింది; హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్ శిక్షణ కేంద్రంలో పేలుడు పదార్థాలు పసిగట్టడం నేర్చుకుంటోంది.

అమెరికా క్లబ్బులు ఈ మధ్య సర్దుబాట్లు మొదలుపెట్టాయి. టెస్ట్ రోజున పనిచేసే సభ్యుల కుక్కలకి కొన్ని చోట్లు ముందే పక్కన పెడుతున్నాయి. అమెచ్యూర్లు ఇంకో అడుగు వేసి, జీతం తీసుకోని హ్యాండ్లర్లకి మాత్రమే మాస్టర్ అమెచ్యూర్ ఇన్విటేషనల్ అని వేరే జాతీయ స్థాయి టెస్ట్ పెట్టుకున్నారు. దానికీ అర్హత లెక్కలున్నాయి. కాబట్టి ఆ పాసుల కోసం ఈ అమెచ్యూర్లు కూడా అవే శని, ఆదివారాల మాస్టర్ టెస్టుల్లోనే, అవే కొద్దిపాటి చోట్ల కోసం ఎంట్రీలు వేస్తున్నారు.