ముఖం ఎర్రబడటం వెనక దాదాపు రెండు వందల ఏళ్ల వాదన

నలుగురిలో మాట తడబడగానే కొందరికి ముఖం జేవురిస్తుంది. ఆ ఎరుపు ఎవరి కంట పడుతుందోనన్న టెన్షన్‌తో మీటింగులు, ఇంటర్వ్యూలు తప్పించుకునేవాళ్లూ ఉన్నారు. దీన్ని ఆపడానికి ఛాతీలోని సింపథెటిక్ నరాన్ని (ముఖం ఎర్రబడటాన్ని, చెమట పట్టడాన్ని నడిపించే నరం) కత్తిరించే ఆపరేషన్ కూడా ఉంది. అది చేయించుకున్నాక చాలామందికి వీపు మీద, పొట్ట మీద చెమటలు ఎక్కువవుతాయి. సిగ్గుపడటం ఇంత పెద్ద లోపం ఎప్పుడైంది?

నిజానికి మొదట్లో దీన్ని వరమనే అనుకున్నారు. 1839లో థామస్ బర్జెస్ అనే ఇంగ్లండ్ వైద్యుడు దీని మీదే ఒక పుస్తకం రాశాడు. మనిషి తప్పు చేస్తే చెంపల మీద బయటపడేలా దేవుడే ఈ ఏర్పాటు చేశాడన్నది ఆయన వాదన.

చార్లెస్ డార్విన్‌కు ఇది మింగుడుపడలేదు. 1867లో ఆయన వేర్వేరు దేశాల్లో ఉన్నవాళ్లకు ఒక ప్రశ్నావళి పంపాడు. సిగ్గుపడితే ఎరుపు కనబడుతుందా, కనబడితే ఒంటి మీద ఎంత కిందికి దిగుతుంది అని కూడా అందులో అడిగాడు (పెద్దమనుషులు ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి ఎంత ఇబ్బందిపడ్డారో!). మొత్తం ప్రశ్నావళికి 36 జవాబులు వచ్చాయి. 1872 నాటి పుస్తకంలో ఆయన బర్జెస్‌ను నిలదీశాడు. ఇది తప్పును పట్టించే గుర్తే అయితే, ఏ తప్పూ చేయని బిడియస్తులు ఎందుకు ఎర్రబడుతున్నారు? రంగు మార్పు పైకి పెద్దగా కనిపించని నల్లని చర్మం వాళ్లకు ఈ ఏర్పాటు దేనికి? పసిపిల్లలకు సిగ్గుతో ముఖం ఎర్రబడదనీ గమనించాడు. చివరికి ఆయన తేల్చింది ఇది: ఎదుటివాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారో అన్న ఆలోచనే ముఖంలోకి నెత్తురు తెస్తుంది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. సిగ్గుపడటానికి తప్పు చేసి ఉండాల్సిన పని లేదని తేలిపోయింది.

1956లో సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ ఇంకో అడుగు ముందుకేశాడు. సిగ్గు ఒక్కరి బలహీనత కాదు, నలుగురు కలిసినచోట పుట్టేదన్నాడు. ఒకరు నాలుక కరుచుకుంటే పక్కవాళ్లకూ ఇబ్బందే. అందుకే చూడనట్టు నటిస్తారు, లేదా మాట మార్చేస్తారు.

2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ పరిశోధకులు తమ సిగ్గుపడ్డ సంఘటనలు చెబుతున్నవాళ్లను వీడియో తీశారు. ఎక్కువ సిగ్గు కనబరచినవాళ్లు ఉన్నదాన్ని పంచుకునే ఆటలో ఎక్కువ ఉదారంగా ఉన్నారు. ఎవరైనా సిగ్గుపడటం చూసినవాళ్లు కూడా అలాంటివాళ్లనే ఎక్కువ నమ్మారు. అయితే ఆ పరిశోధకులు ఒక మెలిక పెట్టారు. తాము చెబుతున్నది మామూలు మోతాదు సిగ్గు గురించే తప్ప, మనిషిని గడప దాటనివ్వని భయం గురించి కాదని.