23 శాతమా, 30 శాతమా? అమెరికా అమ్మకం పన్ను లెక్క

అమెరికాలో ఆదాయపు పన్నును పూర్తిగా ఎత్తేసి, దాని బదులు దేశమంతటా ఒకే అమ్మకం పన్ను పెట్టాలనే బిల్లు ఒకటి పాతికేళ్లుగా అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌లో నలుగుతోంది. దాని పేరు ఫెయిర్‌టాక్స్. జార్జియా రాష్ట్రానికి చెందిన జాన్ లిండర్ 1999లో దాన్ని మొదటిసారి ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టారు. 2023లో అదే రాష్ట్రం నుంచి ఎన్నికైన బడ్డీ కార్టర్ మళ్లీ తెచ్చారు. ఒక్కసారి కూడా అది చట్టం కాలేదు, అయినా చచ్చిపోనూ లేదు. అంత పట్టు ఎందుకో అర్థం కావాలంటే ముందు దాని రేటు దగ్గర కాసేపు ఆగాలి.

బిల్లులో రేటు 23 శాతం అని ఉంటుంది. విమర్శకులేమో అది 23 కాదు, 30 శాతం అంటారు. ఇద్దరూ చెప్పేది ఒకే పన్ను గురించి. 100 డాలర్ల వస్తువు కొంటే కౌంటర్ దగ్గర మరో 30 డాలర్లు పన్ను పడుతుంది, చేతిలోంచి 130 పోతాయి. ఆ 130లో 30 ఎంత? సుమారు 23 శాతం. ఆదాయపు పన్నును మనం చెప్పుకునేది ఈ పద్ధతిలోనే: జీతం మొత్తంలో పన్ను వాటా ఎంత అని. కాబట్టి రెండు పన్నులను పోల్చేటప్పుడు 23 అనడం తప్పు కాదు. కానీ అమెరికా రాష్ట్రాలు ఇప్పటికే వేస్తున్న అమ్మకం పన్నులన్నీ ధర మీద అదనంగా చెప్పేవే. వాటిలో అన్నిటికంటే ఎక్కువైన కాలిఫోర్నియా రాష్ట్ర రేటు 7.25 శాతం. ఆ అలవాటులో ఉన్న మనిషి 23 అని వింటే 100కు 123 కట్టాలనుకుంటాడు. అందుకే పన్ను రేటు ఎవరు చెప్పినా ముందు అడగాల్సింది ఒకటే: ఏ మొత్తం మీద?

ఈ ఒక్క పన్నుతో తీసేయాలనుకుంటున్నవి చిన్నవేమీ కావు. వ్యక్తుల ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను, సోషల్ సెక్యూరిటీ (రిటైరైనవాళ్ల పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) కోసం జీతాల్లోంచి కోసే పన్నులు, వారసత్వ ఆస్తి మీద, బహుమతుల మీద పన్నులు, అన్నీ పోతాయి. కేంద్ర ప్రభుత్వ రాబడిలో వ్యక్తుల ఆదాయపు పన్నే సగం దాకా ఉంటుంది, జీతాల కోతలు మరో మూడో వంతు. పన్ను వసూలు చేసే ఐఆర్‌ఎస్‌ను కూడా మూసేసి, వసూళ్ల పని రాష్ట్రాలకు అప్పగిస్తారు.

దీని ఆకర్షణను తేలిగ్గా తీసిపారేయకూడదు. పన్ను రిటర్నులకు గడువైన ఏప్రిల్ 15 దగ్గర పడేకొద్దీ కాగితాలు ముందేసుకుని టెన్షన్ పడే కోట్ల మందికి ఆ పని తప్పుతుంది. అంతకంటే లోతైన వాదన ఇంకోటి ఉంది. ఆదాయపు పన్ను ఉన్నచోట సంపాదించిన రోజే పన్ను కడతాం, మిగిలింది దాచుకుంటే దాని వడ్డీ మీద మళ్లీ కడతాం. వచ్చిందంతా ఖర్చు పెట్టేసిన వాడికి ఆ రెండో పన్ను లేదు. పొదుపు చేసినవాడికి శిక్ష ఎందుకన్నది పాత ప్రశ్నే. ఇంగ్లండ్ తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లోనే మనిషి సంపదను బట్టి కాక, అతను వాడుకునేదాన్ని బట్టి పన్ను వేయడమే సమానత్వం అని వాదించాడు.

మరి పేదల మాటేమిటి? వాళ్లు వచ్చిన ప్రతి డాలరూ ఖర్చు పెట్టక తప్పదు. దీనికి బిల్లులో ప్రీబేట్ అనే ఏర్పాటు ఉంది. దారిద్ర్యరేఖ దగ్గర బతకడానికయ్యే ఖర్చు మీద ఎంత పన్ను పడుతుందో అంత డబ్బు ప్రతి నెలా ప్రతి కుటుంబానికీ ముందే ఇచ్చేస్తారు. ఒక ఊహా లెక్క వేద్దాం. ఆ కనీస ఖర్చు నెలకు 2,000 డాలర్లు అనుకుంటే చేతికొచ్చే ప్రీబేట్ అందులో 23 శాతం, అంటే 460. అంతే ఖర్చు పెట్టే కుటుంబం మీద పన్ను భారం సున్నా. నెలకు 6,000 సంపాదించి అంతా ఖర్చయ్యే కుటుంబం 1,380 పన్ను కట్టి 460 వెనక్కి తీసుకుంటుంది, అంటే ఆదాయంలో సుమారు 15 శాతం. ఇక 60,000 సంపాదించి 15,000 మాత్రమే ఖర్చు పెట్టే కుటుంబానికి చివరికి పడేది 2,990, ఆదాయంలో 5 శాతం. అట్టడుగున ఉన్నవాళ్లను ప్రీబేట్ కాపాడుతుంది, పైనున్నవాళ్లను పొదుపు కాపాడుతుంది, నడుమ నలిగేది మధ్యతరగతి. దాచిన డబ్బు కూడా ఎప్పుడో ఖర్చవుతుంది, అప్పుడు పన్ను పడుతుంది కదా అని సమర్థకులు అంటారు. అది నిజమే. కానీ పెద్ద సంపదలు ఒక తరంలో ఖర్చు కావు, వారసులకు చేరేటప్పుడు వాటి మీద వేసే పన్నును కూడా ఈ బిల్లు తీసేస్తోంది.

ఇంకో వాగ్దానం నన్ను మరీ ఇబ్బంది పెడుతుంది. కంపెనీల మీద పన్నులు పోతాయి కాబట్టి ధరలు తగ్గుతాయనీ, జీతం మాత్రం కోత లేకుండా మొత్తం చేతికొస్తుందనీ చెబుతుంటారు. ఈ రెండూ ఒకేసారి జరగవు. ధరలో దాగున్న పన్ను అంటున్నదానిలో పెద్ద భాగం ఉద్యోగి జీతంలోంచి కోస్తున్న పన్నే. ఆ డబ్బు ఉద్యోగికే ఇచ్చేస్తే కంపెనీకి ఖర్చు తగ్గదు, ధర తగ్గించడానికి ఏమీ మిగలదు. కంపెనీ దాన్ని అట్టే పెట్టుకుని ధర తగ్గిస్తే ఉద్యోగికి పాత జీతమే వస్తుంది. జీవితమంతా ఆదాయపు పన్ను కట్టి, మిగిలినదాన్ని దాచుకుని రిటైరైనవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ఆ డబ్బుతో ఇప్పుడు ఏది కొన్నా మళ్లీ పన్ను. డాక్టర్ ఫీజు కూడా అందులోనే.

అయితే ఇవన్నీ ఎవరి వాటా ఎంత అన్న తగవులు. నా దృష్టిలో అసలు చిక్కు వసూలు దగ్గర ఉంది. పన్ను వసూలు కావాలంటే ఇద్దరి లెక్క ఉండాలి. 1943లో, యుద్ధం మధ్యలో, జీతంలోంచే పన్ను కోసే పద్ధతిని అమెరికా తెచ్చింది. ఉద్యోగి చెప్పే జీతాన్ని యజమాని పంపే కాగితంతో సరిచూడొచ్చు. ఐఆర్‌ఎస్ అంచనాల్లో ఇలాంటి జీతాల్లో లెక్కకు రాకుండా పోయేది 1 శాతం దగ్గరే. ఎవరూ వివరం పంపని ఆదాయాల్లో అది 55 శాతం దాకా ఉంది. మనుషులు వాళ్లే, దేశం అదే. తేడా అల్లా రెండో సాక్షి ఉన్నాడా లేడా అన్నదే.

రిటైల్ అమ్మకం పన్నులో ఆ సాక్షి లేడు. పన్నంతా చివరి కౌంటర్ దగ్గరే. బిల్లు లేకుండా అమ్మితే అమ్మినవాడికీ కొన్నవాడికీ ఇద్దరికీ లాభం. వ్యాపారం కోసం కొనే సరుకుకు పన్ను లేదు కాబట్టి, ఇంట్లో వాడుకునే లాప్‌టాప్‌ను వ్యాపారం పేరు మీద కొనాలన్న ఆశ కూడా పుడుతుంది. 6, 7 శాతం దగ్గర ఈ ఆశ చిన్నది. 30 దగ్గర చాలా పెద్దది. అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ నియమించిన పన్ను సంస్కరణల సంఘం 2005లో ఈ సంగతి పరిశీలించింది. జీతాల కోతలను ముట్టుకోకుండా ఆదాయపు పన్నులను మాత్రమే మార్చినా, ప్రీబేట్‌తో కలిపి ధర మీద 34 శాతం వేయాల్సి వస్తుందని తేల్చింది. ఎగవేత ఎక్కువైతే 49 శాతం. ఎగ్గొట్టేవాళ్ల వాటా నిజాయితీపరుల మీద పడుతుంది, రేటు పెరుగుతుంది, పెరిగిన రేటు ఇంకొందరిని ఎగవేత వైపు తోస్తుంది.

ఈ చిక్కుకు జవాబు ఫ్రాన్స్‌లో 1954లోనే దొరికింది. మోరీస్ లోరె అనే పన్నుల అధికారి రూపొందించిన వ్యాట్‌లో పన్ను ఫ్యాక్టరీ నుంచి దుకాణం దాకా మెట్టు మెట్టునా వసూలవుతుంది. తాను కట్టిన పన్నును తగ్గించుకోవాలంటే ప్రతివాడికీ అంతకుముందు అమ్మినవాడి బిల్లు కావాలి. ఇక్కడ బిల్లే రెండో సాక్షి. స్వీడన్ 1969లో, నార్వే 1970లో రిటైల్ పన్ను వదిలి వ్యాట్‌కు మారాయి. హంగరీ 27 శాతం దాకా వేయగలుగుతోంది. ఇప్పుడు 170కి పైగా దేశాల్లో వ్యాట్ ఉంది. సంపన్న దేశాల సంఘమైన ఓఈసీడీలో అది లేనిది అమెరికా ఒక్కటే. వ్యాట్ ఉన్న దేశాల్లో చాలా వరకు దాన్ని ఆదాయపు పన్నుకు తోడుగా పెట్టుకున్నవే. వాడకం మీద పన్ను నిజంగా కావాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది అటువైపని నా నమ్మకం.

ఫెయిర్‌టాక్స్ బిల్లులో చివరన ఇంకో నిబంధన ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 1895లో సుప్రీంకోర్టు ఆదాయపు పన్నును కొట్టేశాక, 1913లో 16వ సవరణ దానికి మళ్లీ ప్రాణం పోసింది. ఆ సవరణ రాజ్యాంగంలో ఉన్నంతకాలం ఏ కాంగ్రెస్ అయినా అమ్మకం పన్నుతో పాటు ఆదాయపు పన్నునూ తేవచ్చు. ఆ భయంతోనే, ఏడేళ్లలో సవరణ రద్దు కాకపోతే అమ్మకం పన్నే రద్దవుతుందని బిల్లులో రాశారు. రద్దుకు రెండు సభల్లో మూడింట రెండొంతుల మద్దతు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. అవి రాకపోతే ఎనిమిదో ఏట అమ్మకం పన్ను ఉండదు. ఆదాయపు పన్ను చట్టం, దాన్ని వసూలు చేసే ఆఫీసు అప్పటికే పోయి ఉంటాయి.