ఇంట్లో చెక్క కెనూ కట్టుకోవడం: అపోహలు – వాస్తవాలు

వేసవిలో మా గరాజ్ తలుపు తీసి ఉందంటే సాయంత్రం నడకకు వచ్చే మన తెలుగువాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఆగుతారు. లోపల బోర్లించి ఉన్న 16 అడుగుల పడవను చూసి, "అన్నా, దీన్ని నిజంగా నీళ్లలోకి దింపుతారా, ఇంట్లో అలంకారానికా?" అని అడుగుతారు. నేనుండేది అమెరికాలోని మిన్నెసోటాలో. ఈ గరాజ్‌లోనే ఇప్పటికి 4 కెనూలు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలు, కట్టాను. మిత్రులు కట్టుకుంటుంటే పక్కన నిలబడి సాయం చేశాను. అందరి ప్రశ్నలూ విన్నాక నాకు అర్థమైంది ఒకటే. అక్కర్లేని చోట భయపడుతున్నారు, భయపడాల్సిన చోట ధీమాగా ఉంటున్నారు.

ముందు పద్ధతి రెండు ముక్కల్లో చెబుతాను. పావు అంగుళం మందం, ముప్పావు అంగుళం వెడల్పు ఉన్న సీడర్ బద్దలు కోసుకుంటాం. అడుగుకొకటి చొప్పున ప్లైవుడ్ అచ్చులు నిలబెట్టి, వాటి మీద బద్దలను ఒకదాని పక్కన ఒకటి జిగురుతో అంటిస్తూ పోతాం. తర్వాత చిత్రిక పట్టి, ఉప్పు కాగితంతో నునుపు చేసి, బయటా లోపలా ఫైబర్‌గ్లాస్ గుడ్డ (గాజు పీచుతో నేసినది) పరిచి ఎపాక్సీతో తడుపుతాం. ఎపాక్సీ అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. ఎపాక్సీ పీల్చగానే ఆ తెల్లటి గుడ్డ కనబడకుండా పోయి, కింద సీడర్ ఎరుపు పైకి వస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ నిమిషం కొత్తగానే ఉంటుంది.

అపోహ: వడ్రంగం రానివాళ్ల వల్ల కాదు

అవుతుంది. ఇందులో తలుపుల బిగింపుల్లాంటి కష్టమైన పని దాదాపు లేదు. సన్నటి బద్ద చేత్తోనే వంగుతుంది. కావాల్సింది సమయం. మొదటి కెనూకి 200 నుంచి 300 గంటలు పెట్టుకోండి. అందులో పెద్ద భాగం ఉప్పు కాగితంతో రుద్దడానికే పోతుంది.

అపోహ: పాతకాలం వాళ్లు కొలతలు లేకుండానే పడవలు చేశారు, మనకు పటం ఎందుకు?

మాది కొల్లేటి పక్క ఊరు. తాటి దోనెలు చూస్తూ పెరిగాను. తాటి మానులో మొదలు వైపు లావు భాగం తీసుకుని, లోపలి మెత్తటి పీచంతా తొలిచేస్తే బయటి గట్టి చేవ పెంకులా మిగులుతుంది. అదే దోనె. చేసే ఆయన చేతిలో టేపు ఉండేది కాదు, నిజమే. కానీ దోనె ఆకారంలో సగం చెట్టే ఇచ్చేస్తుంది. మిగతా సగం జీవితమంతా అదే పని చేసిన కన్ను ఇస్తుంది. మన బద్దల కెనూకి అలాంటి చెట్టు లేదు, మనకు అలాంటి కన్నూ లేదు. ఆకారమంతా అచ్చుల్లోంచే రావాలి.

అందుకే అసలు సైజు పటం కొనండి, కాగితం మీంచి ప్లైవుడ్ మీదకు తిన్నగా దించండి. మొదటిసారి కట్టేవాళ్లకు నేను ప్రాస్పెక్టర్ రకం చెబుతాను. కెనడాలో ఫ్రెడరిక్టన్‌లోని చెస్ట్‌నట్ కంపెనీ పేరు చెప్పగానే గుర్తొచ్చే నమూనా అది. చెరువులోనూ పారే నీటిలోనూ నమ్మకంగా నడుస్తుంది, సామాను బాగా పడుతుంది. అచ్చులు నిలబెట్టాక అణియం (పడవ ముందు కొన) నుంచి అమరం (వెనక కొన) దాకా నడిమధ్యన దారం బిగించి, ప్రతి అచ్చు మధ్యగీత ఆ దారం కిందే ఉందో లేదో రెండు పూటలు చూడండి. ఈ ఒక్క పనిలో తొందర పనికిరాదు. నా మొదటి కెనూలో అణియం దగ్గర ఒక అచ్చు కాస్త మెలి తిరిగింది. నేను గమనించలేదు. ఇప్పటికీ ఆ పడవ ఎడమకే లాగుతుంది.

అపోహ: చెక్క కదా, నీళ్లలో ఉంటే కుళ్లిపోతుంది

ఈ భయం అందరిదీ. అందుకే కొంచెం వివరంగా చెబుతాను. చెక్క దానంతటది కుళ్లదు. దాన్ని తినేది బూజు జాతి. దానికి తేమా గాలీ రెండూ కలిసి చాలాకాలం దొరకాలి. బద్దల కెనూలో చెక్క రెండు గాజు పొరల మధ్య ఉంటుంది. వారానికో రోజు సరస్సులో తిరిగి, సాయంత్రం గరాజ్‌లో బోర్లించిన పడవకు ఏమీ కాదు.

పాడయ్యేది వేరే చోట. పైఅంచుకి రెండు వైపులా యాష్ అనే చెట్టు చెక్కతో అంచుబద్దలు బిగిస్తాం. వాటి స్క్రూ రంధ్రాల్లోంచి, అణియం మూలల్లోంచి వాననీరు దిగి అక్కడే ఉండిపోతే కుళ్లు మొదలవుతుంది. పెరట్లో ఆకాశం వైపు తెరిచి పెట్టి, ఆకులూ వాననీరూ నింపి, ఏళ్లతరబడి వదిలేసిన పడవలే పోతాయి. స్క్రూ బిగించే ముందు ప్రతి రంధ్రంలోనూ ఎపాక్సీ రాయండి, అంచుబద్దలకు ఏటా నూనె పట్టించండి.

ఇంకోటి ఎండ. ఎపాక్సీ నీటిని ఆపుతుంది కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కి, పెళుసై, పొడిగా రాలుతుంది. పైన యూవీ రక్షణ ఉన్న వార్నిష్ మూడు పూతలు ఉండాల్సిందే. మెరుపు కోసం వేసేదని చాలామంది వార్నిష్‌ను వాయిదా వేస్తారు. అది మెరుపు కోసం కాదు.

అపోహ: హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే ఎపాక్సీ త్వరగా గట్టిపడుతుంది

పెయింట్, సిమెంట్ పనులు చూసినవాళ్లు ఇది గట్టిగా నమ్ముతారు. ఎపాక్సీలో రెసిన్ అణువులూ హార్డెనర్ అణువులూ లెక్క ప్రకారం ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మిగిలిపోయిన హార్డెనర్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఆ పొర ఎప్పటికీ మెత్తగా, జిగటగా ఉండిపోతుంది. డబ్బా మీద 2:1 అని ఉంటే 2:1, 5:1 అని ఉంటే 5:1. త్వరగా ఆరాలంటే వేగంగా పనిచేసే హార్డెనర్ వేరే దొరుకుతుంది, అది కొనుక్కోండి. లేదా గది వెచ్చగా ఉంచండి.

కలిపినదాన్ని లోతైన కప్పులో వదిలేస్తే దాని వేడి దానిలోనే పెరుగుతుంది. రెండో కెనూ కట్టేటప్పుడు ఫోన్ వచ్చిందని నిండు కప్పు బల్ల మీద పెట్టి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ప్లాస్టిక్ కప్పు కరిగి పొగ వస్తోంది. అప్పట్నుంచి కొంచెం కొంచెంగా కలిపి, వెంటనే వెడల్పాటి ట్రేలో పోస్తున్నాను.

పూతకు మంచి సమయం సాయంత్రం. పొద్దున గది వేడెక్కుతుంటే చెక్క గుల్లల్లోని గాలి వ్యాకోచించి, తడి ఎపాక్సీలోంచి బుడగలుగా బయటికి వస్తుంది. వేడి తగ్గుతున్న వేళ అదే గాలి ముడుచుకుని ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది. ఆరాక పైన మైనంలా తేలే పొరను ముందు మామూలు నీళ్లతో కడగాలి. కడగకుండా రుద్దితే ఆ మైనాన్నే చెక్కంతా పూసినట్టవుతుంది, తర్వాతి పూత పట్టదు.

అపోహ: సీడర్ సహజమైన చెక్క, దాని పొడి ఏం చేస్తుంది?

నాకు అన్నిటికన్నా కంగారు పుట్టించేది ఈ మాటే. ముందు పేరు సంగతి. సీడర్ అనగానే మనవాళ్లు దేవదారు అంటారు. హిమాలయాల దేవదారు వేరు. మేం వాడే వెస్ట్రన్ రెడ్ సీడర్ పసిఫిక్ తీరపు చెట్టు, దాని జాతి పేరు థూజా. ఈ చెక్కలో ప్లికాటిక్ ఆసిడ్ అనే పదార్థం ఉంటుంది. దాని పొడి పీల్చిన కొందరికి ఆస్తమా వస్తుంది. రంపపు మిల్లుల్లో పనిచేసేవాళ్లలో ఇది బాగా తెలిసిన జబ్బు. పని మానేశాక కూడా కొందరికి పూర్తిగా తగ్గదు.

కాబట్టి చేతిరుమాలు కట్టుకుంటే చాలదు. ముఖానికి గట్టిగా అతుక్కునే రెస్పిరేటర్ పెట్టుకోండి, రంపానికీ శాండర్‌కీ పొడి లాగే గొట్టం తగిలించండి. పిల్లలు గరాజ్‌లో ఆడుకుంటుంటే ఆ రోజు కోయకండి. ఎపాక్సీకి కూడా ఇదే జాగ్రత్త కావాలి. చాలామందికి మొదటి పడవలో ఏమీ కాదు, అందుకే గ్లవ్స్ మానేస్తారు. చర్మం ఒకసారి దానికి ఎదురుతిరిగిందంటే ఆ తర్వాత చుక్క తగిలినా దద్దుర్లే. మా స్నేహితుల్లో ఒకరు ఆ కారణంగా ఈ పనే వదిలేయాల్సి వచ్చింది. ఎంత మంచి పనివాడో! నైట్రైల్ గ్లవ్స్ మొదటి చుక్క నుంచే వేసుకోండి.

అపోహ: పొరలు ఎక్కువ వేస్తే పడవ గట్టిగా ఉంటుంది

బరువుగా ఉంటుంది. ఈ నేల మీద కెనూను తీర్చిదిద్దిన ఇక్కడి మూలవాసులు, అనిషినాబే ప్రజలు, బర్చ్ చెట్టు బెరడును స్ప్రూస్ వేళ్లతో కుట్టి, లోపల సీడర్ పక్కటెముకలు పెట్టి, కుట్ల మీద చెట్టు బంక పూసి చేసేవారు. సరస్సు అయిపోయిన చోట భుజానికెత్తుకుని అడవి దాటి ఇంకో సరస్సులో దింపుకోవాలి. అందుకే అంత తేలిక. మా ఉత్తరాన బౌండరీ వాటర్స్ అనే అడవి ప్రాంతంలో 1,000కి పైగా సరస్సులున్నాయి. ఇప్పటికీ అక్కడ తిరిగేది అలాగే. మోసుకెళ్లే దారి పొడవును రాడ్లలో చెబుతారు. ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, పడవంత పొడవన్నమాట. బయట చదరపు గజానికి 6 ఔన్సులు తూగే గుడ్డ ఒక పొర, రాళ్లకు రాసుకునే అడుగున ఇంకో పొర, లోపల ఒక పొర చాలు. 25 కిలోల పడవకూ 35 కిలోల పడవకూ తేడా మొదటి 100 రాడ్లు నడిచేసరికి మెడకు తెలుస్తుంది.

అపోహ: కొనడం కంటే కట్టుకుంటే చౌక

ప్లాస్టిక్ కెనూతో పోలిస్తే కాదు. పావు అంగుళం బద్ద కోసిన ప్రతిసారీ మామూలు రంపం బ్లేడు ఎనిమిదో వంతు అంగుళం తినేస్తుంది. అంటే కొన్న సీడర్‌లో మూడో వంతు పొట్టే. సన్న బ్లేడు వాడితే కొంత మిగులుతుంది.

అపోహ: ఇండియాలో సీడర్ దొరకదు కాబట్టి కుదరదు

హైదరాబాద్, విజయవాడ నుంచి అడిగేవాళ్లకు నేను చెప్పేది ప్లైవుడ్ పద్ధతి. సన్నటి ప్లైవుడ్ ముక్కలను పటం ప్రకారం కోసి, అంచుల్లో చిన్న రంధ్రాలు పెట్టి, రాగి తీగతో కుట్టి, లోపలి కీళ్లలో చెక్కపిండి కలిపిన ఎపాక్సీ నింపి, పైన గాజు టేపు వేస్తారు. 1960ల్లో బ్రిటన్‌లో మిర్రర్ అనే చిన్న తెరచాప పడవను వేలమంది ఇలాగే ఇళ్లలో కట్టుకున్నారు.

షాపులో "వాటర్‌ప్రూఫ్" అన్న మాట మీద ఆగకండి. ఐఎస్ఐ గుర్తు పక్కన నంబరు చూడండి. 710 ఉంటే మెరైన్ ప్లై. 303 అంటే కిచెన్ అల్మారాలకు సరిపోయే రకం. మెరైన్ ప్లై అయినా కోసిన అంచు నీళ్లు తాగుతుంది, దానికి ఎపాక్సీ రాయాల్సిందే.

అపోహ: కెనూ ఊరికే తిరగబడుతుంది. లేదా, చెక్క పడవ మునగదు కాబట్టి భయం లేదు

రెండూ వింటుంటాను. అడుగు బల్లపరుపుగా ఉన్న కెనూ ఎక్కగానే కదలకుండా ఉంటుంది కానీ అల పక్కనుంచి వస్తే ఒక్కసారిగా పడేస్తుంది. గుండ్రటి అడుగు ఎక్కగానే ఊగుతుంది, కొంత వాలాక మాత్రం గట్టిగా నిలబడుతుంది. మొదటి ఊగుకే టెన్షన్ పడి లేచి నిలబడేవాళ్లే పడిపోతారు. మోకాళ్ల మీద కూర్చోండి, బరువు కిందికి దిగుతుంది.

నీళ్లు నిండినా చెక్క తేలుతుంది, నిజమే. తేలేది పడవ, మీ కుటుంబాన్ని మోసేంత బలం దానికి అప్పుడు ఉండదు. మే నెలలో ఇక్కడి సరస్సుల నీరు ఎంత చల్లగా ఉంటుందంటే ఈత వచ్చినవాళ్ల చేతులు కూడా కాసేపట్లోనే మాట వినవు. మిన్నెసోటాలో మనిషికొక లైఫ్ జాకెట్ పడవలో ఉండాలి, 10 ఏళ్లలోపు పిల్లలు ఒంటి మీద వేసుకునే ఉండాలి. 10 అడుగులు దాటిన పడవకు, ఇంట్లో కట్టినదైనా సరే, రిజిస్ట్రేషన్ కూడా కావాలి. ఇప్పుడు కడుతున్నది మా చిన్నమ్మాయి కోసం. ఇంకా సగం బద్దలే పడ్డాయి. జాకెట్ మాత్రం తన కొలతకు కొని, గరాజ్ తలుపు పక్కన మేకుకు తగిలించి పెట్టాను.