నైట్రస్ పెడితే పెట్రోల్ ఎందుకు ఎక్కువ కావాలి?

ఇంజిన్ శక్తి పెంచడానికి వాహనంలో బాటిల్‌తో పెట్టే నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండదు. పెట్రోల్‌ని మించిన ఇంధనమేదో బాటిల్లో ఉందని చాలామంది అనుకుంటారు గానీ, అందులో ఉన్నది ఆక్సిజన్‌ని మోసుకొచ్చే వాయువు. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ తయారుచేసిన ఈ వాయువునే దంతవైద్యులు మత్తుకి వాడతారు. రెండో ప్రపంచయుద్ధంలో గాలి పలచబడే ఎత్తుల్లో ఇంజిన్ నీరసించకుండా జర్మన్ విమానాలూ దీన్నే వాడాయి.

గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతం అయితే, నైట్రస్ బరువులో 36 శాతం. ఇంజిన్ లోపలి వేడికి అది నైట్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. బాటిల్లో ద్రవంగా ఉండి, బయటపడగానే ఆవిరవుతూ లోపలికి వెళ్లే గాలిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి చిక్కనవుతుంది కాబట్టి అదే చోటులో ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

ఆక్సిజన్ పెరిగిందంటే దానికి తగ్గ పెట్రోలూ అందాలి. నైట్రస్ పెట్టే అమరికల్లో వెట్ కిట్ అనేదానిలో నైట్రస్, పెట్రోల్ రెండూ ఒకే నాజిల్ నుంచి వస్తాయి. డ్రై కిట్‌లో నైట్రస్ ఒక్కటే వస్తుంది, అదనపు పెట్రోల్ ఇంజెక్టర్లు ఇవ్వాలి. పెట్రోల్ చాలకపోతే వేడి హద్దు దాటుతుంది, ఇంజిన్ నాక్ అవుతుంది (సిలిండర్‌లో పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది), పిస్టన్ తల కరిగిపోవచ్చు. అందుకే జెట్‌ల (ఎంత నైట్రస్ రావాలో నిర్ణయించే సన్నటి రంధ్రపు ముక్కల) కన్నా ముందు ఫ్యూయల్ పంపు చూసుకోమంటాను.

సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) తెరుచుకున్నాక సెకనుకి వచ్చే నైట్రస్ దాదాపు ఒకటే. ఇంజిన్ 4000 ఆర్పీఎంలో తిరిగేటప్పుడు ఒక్కో సిలిండర్‌కి ఒక్కో విడతలో అందేదానికి, 2000లో రెట్టింపు అందుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే, 3000 దాటాకే నైట్రస్ వదిలేలా స్విచ్‌లు పెట్టేది ఇందుకే. వాటిని మాత్రం ఎవరూ మానేయొద్దు. మంట కూడా వేగంగా పాకుతుంది కాబట్టి ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) వెనక్కి తగ్గించాలి. పెరిగే ప్రతి 50 హార్స్‌పవర్‌కి 2 డిగ్రీలు అన్నది అందరూ మొదలుపెట్టే లెక్క.

బాటిల్ వేడి మారితే ఈ సెట్టింగ్ అంతా మారిపోతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలి ఒత్తిడి సుమారు 740 పీఎస్ఐ, 30 దగ్గర 900 పైనే. బాటిల్ వేడెక్కితే నైట్రస్ ఎక్కువ వస్తుంది, పెట్రోల్ మాత్రం అంతే వస్తుంది. చల్లబడ్డ బాటిల్‌ని ఎలక్ట్రిక్ హీటర్‌తోనే వేడిచేయాలి, మంట పెట్టడం ప్రాణాంతకం.

ట్యూనింగ్ డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీదో ట్రాక్ మీదో చేయాలి, రోడ్డు మీద కాదు. అతి చిన్న జెట్‌తో మొదలుపెట్టి, ఒకసారి ఫుల్ థ్రాటిల్‌లో లాగి, వెంటనే ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి భూతద్దంతో చూడాలి. తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే ఇంజిన్ నాక్ అయినట్టే. వాటి మధ్య వెండిలా మెరిసే రేణువులు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. ఇక బాటిల్ వాల్వ్ మూసేసి, టైమింగ్, పెట్రోల్ రెండూ మొదటి నుంచి సరిచూసుకోవాలి.